గురక చప్పుడు కాదు, అది ఆగిపోయే క్షణం చూడండి

పోయిన నెల ఈ శీర్షికలో బీపీ గురించి రాస్తూ చివర్లో ఒక్క మాట అన్నాను, మందులు వేసుకున్నా బీపీ దిగకపోతే రాత్రి గురక పెడుతున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి అని. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బీపీ ఊసు ఒక్కదాంట్లోనే ఉంది, మిగిలినవన్నీ గురక మీదే. అందులో తమాషా ఏమిటంటే, గురక పెట్టేవాళ్లు రాసినవి తక్కువ, పక్కన పడుకుని తెల్లవార్లూ ఫ్యాన్ చూస్తూ గడిపేవాళ్లు రాసినవి ఎక్కువ. మేడారం జాతరలో డేరా కింద ఒక్క రాత్రి పడుకున్నవాళ్లకెవరికైనా ఈ బాధ తెలుసు, కానీ వీళ్లకు ఏడాది పొడుగునా జాతరే. పేర్లు తీసేసి, ఉత్తరాలను కాస్త కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మా, మా ఆయనకు 46 ఏళ్లు. డీసీఎం నడుపుతాడు, సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడుతో హైదరాబాద్, నాగపూర్ దాకా పోతాడు. గురక పెళ్లైన కొత్తలో కూడా ఉండేది, నేను అలవాటు పడిపోయాను. కానీ రెండేళ్ల నుంచి వేరే తీరుగా ఉంది. గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి చప్పుడు ఆగిపోతుంది. పొట్ట ఎగిరెగిరి పడుతుంటుంది గానీ గాలి రాదు. నేను మనసులో అంకెలు లెక్కపెడుతుంటాను, ఒకసారి ముప్పై దాకా వచ్చింది. తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఊపిరి గుంజుకుని మళ్లీ మొదలుపెడతాడు. పొద్దున లేస్తే తలనొప్పి, టీవీ ముందు కూర్చుంటే ఐదు నిమిషాల్లో కునుకు. చెప్తే 'కష్టం చేసినోనికి గాఢనిద్ర పడతది, నీకేం తెలుసు' అని నన్నే కోప్పడతాడు. ఇది గాఢనిద్రేనా? — నర్సంపేట నుంచి ఒక సోదరి

జవాబు: కాదు తల్లీ, గాఢనిద్ర ఆయనకు పట్టడమే లేదు. ఎనిమిది గంటలు పడుకున్నా ఆయన మెదడు ఎనిమిది గంటలూ కాపలా కాస్తూనే ఉంది.

మీరు అంకెలు లెక్కపెట్టారు చూడండి, నా దగ్గరికి వచ్చే చాలామంది ఆ మాత్రం కూడా చెప్పలేరు. నిద్రలో పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే దాన్ని ఆప్నియా అంటాం. మీరు ముప్పై దాకా లెక్కపెట్టారు. పైగా పొట్ట ఎగిరిపడుతోంది, గాలి మాత్రం రావడం లేదన్నారు, అంటే ఊపిరి తీసుకొమ్మని మెదడు ఆర్డర్ వేస్తూనే ఉంది, ఛాతీ గుంజుతూనే ఉంది, దారి మూసుకుపోయింది. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

వ్యవసాయం తెలిసిన ఇల్లయితే ఇది సులువుగా అర్థమవుతుంది. బావి దగ్గర మోటరుకు నీళ్లు గుంజే వైపు ఎప్పుడూ గట్టి పైపే బిగిస్తారు, మడత పడే మెత్తటి పైపు పెట్టరు, పెడితే మోటరు గుంజగానే అది చప్పగా అతుక్కుపోతుంది. మన ముక్కుకు, ఛాతీలోని గాలిగొట్టానికి ఎముక, మృదులాస్థి ఆసరా ఉంది, మధ్యలో గొంతు మాత్రం ఉత్త కండ. మెలకువగా ఉన్నంతసేపు ఆ కండ బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతుంది. నిద్రపోగానే సడలుతుంది. దారి ఇరుకై, అంగిలి వెనక భాగమూ కొండనాలుకా రెపరెపలాడితే వచ్చే చప్పుడే గురక. ఇంకా సడలి, నాలుక వెనక్కి జారి, మెడ చుట్టూ కొవ్వు కూడా నొక్కితే పైపు మొత్తం అతుక్కుపోతుంది. అప్పుడు గురక ఆగుతుంది. 'హమ్మయ్య, ఆగింది' అని ఇంట్లోవాళ్లు అనుకునే ఆ నిమిషమే ప్రమాదం.

ఊపిరి ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది, మామూలుగా 95 పైన చూపిస్తుంది కదా, జబ్బు ముదిరినవాళ్లకు నిద్రలో 80కి, ఇంకా కిందికీ దిగుతుంది. పగలు వేలికి పెట్టి చూసి 98 ఉంది కాబట్టి ఏమీ లేదని మాత్రం అనుకోవద్దు, మెలకువలో అది మామూలుగానే ఉంటుంది. ఆక్సిజన్ పడగానే మెదడు భయపడి ఒక్క క్షణం లేపుతుంది, గొంతు బిగుస్తుంది, ఆ గుర్రుమనే చప్పుడుతో గాలి లోపలికి పోతుంది. లేచినట్టు ఆయనకు తెలియదు. కానీ లేచిన ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, బీపీ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. గంటకు ముప్పై నలభై సార్లు, రోజూ, ఏళ్ల తరబడి ఇలా జరిగితే గుండె ఏమవుతుందో మీరే ఊహించండి. బీపీ పగలు కూడా దిగదు, గుండె లయ తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది, షుగర్ అదుపులోకి రాదు. చిరంజీవి సినిమాలకు పాటలు కట్టిన బప్పి లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు, ముంబైలో ఆయనకు వైద్యం చేసిన డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఈ స్లీప్ ఆప్నియానే. అందరికీ అలా అవుతుందని కాదు, 'గురకతో ఎవరన్నా పోతారా' అని నవ్వేవాళ్ల కోసం చెప్తున్నాను.

అయితే మీ ఆయన విషయంలో నాకు గుండె కంటే ముందు స్టీరింగ్ కనిపిస్తోంది. వైద్యం చేయించుకోని ఆప్నియా ఉన్న డ్రైవర్లకు యాక్సిడెంట్ అయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే రెండింతలకు పైనే. టీవీ ముందు ఐదు నిమిషాల్లో కునుకు తీసే మనిషికి రాత్రి రెండు గంటలకు ఖాళీ హైవే మీద కునుకు పట్టదని ఎవరు హామీ ఇస్తారు? కిటికీ తెరిచి పెట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం, టీ తాగడం, ఇవన్నీ పది నిమిషాల ముచ్చట. పరీక్ష, వైద్యం అయ్యేదాకా రాత్రి ట్రిప్పులు మానమనండి, కనీసం పక్కన ఇంకో డ్రైవర్ లేకుండా పోవద్దనండి. కిరాయిలు పోతాయని నాకు తెలుసు, అయినా ఈ మాట మీద బేరం లేదు.

పరీక్ష పేరు స్లీప్ స్టడీ. తలకు, ఛాతీకి, ముక్కు దగ్గర, వేలికి వైర్లు తగిలించి రాత్రంతా పడుకోబెడతారు, సూది పోట్లేమీ ఉండవు. ఇంటికి పంపే చిన్న మిషన్లు కూడా వచ్చాయి, చాలామందికి అవి సరిపోతాయి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో లెక్క తీస్తారు. 5 లోపైతే మామూలే, 5 నుంచి 15 కొద్దిపాటి జబ్బు, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ఈ లెక్క లేకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టకూడదు, అందుకే జబ్బు ఇంత స్పష్టంగా కనపడుతున్నా పరీక్ష చేయించమంటున్నాను. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి గానీ పోవచ్చు. డబ్బులు చూసుకోవాల్సి వస్తే వరంగల్ ఎంజీఎం దవాఖానలో చెవి ముక్కు గొంతు ఓపీలో మొదలుపెట్టండి.

ఇక ఆయనను కదిలించడం ఎలా? వాదన పెట్టుకోకండి. ఈ రాత్రి ఆయన పడుకున్నాక లైటు వేసి ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి, ఛాతీ, ముఖం రెండూ కనపడేటట్టు. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఏమీ మాట్లాడకుండా చూపించండి. నా దగ్గరికి పెళ్లాన్ని తిట్టుకుంటూ వచ్చిన మగవాళ్లలో ఆ వీడియో చూసి మాట పడిపోయినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మేడమ్, నాకు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. రెండు నెలల్లో హనుమకొండలో పెళ్లి. నేను గురక పెడతానని రూమ్మేట్లు ఏడిపిస్తారు, ముఖ్యంగా వీకెండ్ పార్టీ అయిన రాత్రి, జలుబు చేసినప్పుడు. పెళ్లిలోపు పర్మనెంట్‌గా పోవాలి. ఆన్‌లైన్‌లో ముక్కు క్లిప్పు, గడ్డానికి కట్టే బెల్టు, నోట్లో కొట్టుకునే స్ప్రే చూశాను. లేజర్ చేయించుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, జవాబు నీ ఉత్తరంలోనే రాసిపెట్టావు. పార్టీ అయిన రాత్రి అన్నావు. మందు గొంతు కండను మామూలు నిద్ర కంటే ఇంకా ఎక్కువ సడలిస్తుంది, కాబట్టి పడుకోబోయే ముందు మూడు నాలుగు గంటల్లో బీరైనా, కల్లైనా, ఇంకేదైనా ముట్టకపోతే సగం సమస్య అక్కడే పోతుంది. నిద్ర గోలీలదీ ఇదే కథ. సిగరెట్ ఉంటే అది గొంతును ఉబ్బిస్తుంది.

తర్వాత, పక్కకు తిరిగి పడుకో. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. నిద్రలో మళ్లీ వెల్లకిలా తిరిగిపోయే అలవాటుంటే పాత టీషర్టు వీపు వైపు జేబు కుట్టించి అందులో టెన్నిస్ బాల్ వేసుకోవడం పాత చిట్కా, నవ్వొచ్చినా పని చేస్తుంది. (పెళ్లైన మొదటి వారం మాత్రం వద్దులే.)

బరువు ఎంతో రాయలేదు. జాబ్‌లో చేరాక పొట్ట వచ్చి ఉంటే అదే మొదటి అనుమానం. బరువు పదో వంతు పెరిగితే నిద్రలో ఊపిరి ఆగే లెక్క దాదాపు మూడో వంతు పెరుగుతుందని, పదో వంతు తగ్గితే నాలుగో వంతు తగ్గుతుందని 2000లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దవడ నిర్మాణం వల్ల ఆసియా వాళ్లకు తెల్లవాళ్లంత లావు కాకుండానే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి 'నేనంత లావు లేను' అనే ధైర్యం పెద్దగా పనికిరాదు.

ముక్కు మీద అంటించే పట్టీ ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు కొంత ఉపయోగం, ఉప్పునీళ్ల స్ప్రే కూడా జలుబప్పుడు మంచిదే. గడ్డం బెల్టు, నూనె స్ప్రేలు డబ్బు దండగ. ముక్కు దూలం వంకర ఉంటే సరిచేసే ఆపరేషన్ ఉంది, దానివల్ల గాలి బాగా ఆడుతుంది గానీ గురక పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను, గురక పుట్టేది ఎక్కువమందికి గొంతులో. లేజర్ సంగతికొస్తే, స్లీప్ స్టడీ చేయకుండా నేరుగా లేజర్ అనే చోట నుంచి లేచి వచ్చెయ్. చప్పుడు తగ్గించి, కింద ఆప్నియాను అలాగే ఉంచితే నీకు తెలియకుండానే జబ్బు పెరుగుతుంది.

ఇంకొకటి. అమ్మాయికి ముందే చెప్పెయ్, ఫోన్‌లోనైనా సరే. దాచిపెట్టాల్సినంత రహస్యమేం కాదు ఇది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. పెద్దవాళ్లలా గురక పెడతాడు. నోరు తెరుచుకుని పడుకుంటాడు, మెడ వెనక్కి వాల్చి, మంచమంతా తిరుగుతాడు. రెండేళ్ల కింద మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. స్కూల్లో ఒక్క చోట కూర్చోడని, ధ్యాస లేదని టీచర్ కంప్లైంట్. మా అత్తమ్మేమో 'వాళ్ల తాత పోలిక, మంచిగ నిద్రపోతుండు' అంటుంది. ఒక డాక్టర్ ఆపరేషన్ అన్నారు. భయంగా ఉంది. — కరీంనగర్

జవాబు: అత్తమ్మ గారి ప్రేమకు దండం, కానీ ఆరేళ్ల పిల్లవాడు రోజూ గురక పెట్టడం పోలిక కాదు. పిల్లల్లో దీనికి ముఖ్య కారణం టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే గడ్డలు వాయడం. మూడు నుంచి ఏడేళ్ల మధ్య గొంతు సైజుతో పోలిస్తే ఇవి బాగా పెద్దవిగా ఉంటాయి.

పెద్దవాళ్లకు నిద్ర చాలకపోతే తూగుతారు, పిల్లలు తూగరు, తిక్కగా ఎగురుతారు. అందుకే బడిలో 'అల్లరోడు', 'చదువు మీద ధ్యాస లేనోడు' అని పేరు పడిపోతుంది. పక్క తడపడం కూడా ఇందులో భాగమే, దానికి వాణ్ని కొట్టడం, సిగ్గుపడేలా మాట్లాడడం దయచేసి ఆపండి. ఎదుగుదల కూడా మందగిస్తుంది, బరువు ఎత్తు ఒకసారి చూపించుకోండి.

ఆపరేషన్ మాట. తొందరపడాల్సిన పని లేదు, తప్పించుకోవాల్సిన పనీ లేదు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలను రెండు జట్లుగా చేసి చూశారు, ఒక జట్టుకు ఆపరేషన్ చేశారు, ఇంకో జట్టును ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నారు. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది, కానీ ఏమీ చేయని జట్టులో కూడా 46 శాతం మందికి మామూలైంది. ప్రవర్తన, నిద్ర మాత్రం ఆపరేషన్ అయినవాళ్లలోనే బాగా మెరుగుపడ్డాయి. అంటే జబ్బు కొద్దిగా ఉంటే ముక్కు స్ప్రే వాడుతూ కొన్ని నెలలు చూడొచ్చు. మీ బాబుకు రాత్రి ఊపిరి ఆగుతోందా, ఆక్సిజన్ పడుతోందా అన్నది తేల్చమని డాక్టరును అడగండి. ఆగుతుంటే చేయించండి. చేశాక వారం పదిరోజులు గొంతు నొప్పి ఉంటుంది, చల్లటి మెత్తటి తిండి పెట్టండి, ఎప్పుడు రక్తం కనిపించినా, ఐదో రోజు తర్వాతైనా, ఒక్క చుక్కైనా సరే వెంటనే దవాఖానకు పోవాలి. టాన్సిల్స్ తీస్తే గొంతు పోతుంది, రోగనిరోధక శక్తి పోతుంది అనే మాటలు నమ్మకండి.

ప్రశ్న: భూపాలపల్లి నుంచి రాస్తున్నాను. సింగరేణిలో పని, వయసు 52, బరువు 98 కిలోలు. స్లీప్ స్టడీలో గంటకు 41 వచ్చింది. సీపాప్ మిషన్ రాశారు. అది పెట్టుకుంటే ఐసీయూ పేషెంటులాగా ఉన్నానని పిల్లలు భయపడుతున్నారు, నాకు ఊపిరాడనట్టు ఉంటుంది, రాత్రి ఎప్పుడో తీసి పడేస్తున్నాను. ఇది ఆక్సిజన్ మిషనేనా? జీవితాంతం పెట్టుకోవాలా? కరెంటు పోతే ఏమవుతుంది? సెకండ్ హ్యాండ్‌లో పదివేలకు వస్తోంది, తీసుకోనా?

జవాబు: ఆక్సిజన్ మిషన్ కాదు అన్నా. మీ అర్రలో ఉన్న గాలినే కాస్త ఒత్తిడితో పంపుతుంది, అంతే. పైన మెత్తటి పైపు సంగతి చదివారు కదా, ఆ పైపులోకి సన్నగా గాలి నింపి ఉబ్బించి ఉంచితే ఇక అతుక్కోదు, సీపాప్ చేసే పని ఇది ఒక్కటే. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టరు దీన్ని కనిపెట్టి ప్రకటించాడు, తొలి రోజుల మిషన్లకు వాక్యూమ్ క్లీనర్ మోటరు బిగించుకున్నారు, ఎంత చప్పుడు చేసి ఉంటాయో! ఇప్పటివి ఫ్యాన్ కంటే మెల్లగా ఉంటాయి. కనిపెట్టి నలభై ఏళ్లు దాటినా తీవ్రమైన ఆప్నియాకు ఇప్పటికీ మొదట రాసేది ఇదే.

మొదటి రెండు మూడు వారాలు అందరూ తిట్టుకుంటారు. ఊపిరాడనట్టు ఉండడానికి పది కారణాలుంటే తొమ్మిది మాస్కు సైజులోనే ఉంటాయి. ముక్కు మీద మాత్రమే ఉండేవి, ముక్కు రంధ్రాల దగ్గర ఆనించేవి, నోరూ ముక్కూ కప్పేవి, ఇలా రకాలున్నాయి. అమ్మినవాణ్ని మార్చి చూపించమని అడగండి, మొహమాటపడకండి, మిషన్‌కు రకాన్ని బట్టి ముప్పై వేల నుంచి అరవై వేలు, ఆ పైన కూడా పెట్టి కొంటున్నారు. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని కూర్చోండి, పిల్లలను కూడా ఒకసారి ముట్టుకోనివ్వండి, భయం పోతుంది. మొదట తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయించండి. ముక్కు ఎండిపోతే నీళ్ల డబ్బా జత చేయాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి, రోజూ మార్చాలి. షిఫ్టు డ్యూటీ కాబట్టి నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నా మాస్కు పెట్టుకునే పడుకోవాలి, గొంతుకు రాత్రీ పగలూ తేడా తెలియదు.

సగం రాత్రికి తీసి పడేస్తున్నా అన్నారే, అక్కడే దెబ్బ తగులుతుంది. 2016లో గుండె జబ్బు, పక్షవాతం ఉన్న రెండు వేల ఏడు వందల మందికి పైగా మనుషుల మీద పెద్ద పరీక్ష చేస్తే, సీపాప్ వాడినవాళ్లకు గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. నిద్రమత్తు తగ్గింది, రోజువారీ ఆరోగ్యం మెరుగైంది, గుండె లెక్క మాత్రం మారలేదు. అయితే వాళ్లు మిషన్ పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. ఎక్కువ గంటలు పెట్టుకుంటే గుండెకు ఎంత మేలో తేలడానికి ఇంకా చర్చ నడుస్తోంది, కానీ పగటి మత్తు, యాక్సిడెంట్, బీపీ విషయంలో ఎంతసేపు పెట్టుకుంటే అంత లాభం అన్నది మాత్రం ఖాయం. బీపీ పెద్దగా కాదు, రెండు మూడు పాయింట్లు దిగుతుంది, మందులకు దిగని బీపీ అయితే ఇంకాస్త ఎక్కువ. తెల్లవారుజామున వచ్చే నిద్రలో ఊపిరి ఎక్కువ ఆగుతుంది, మీరు మాస్కు లేకుండా ఉండేది సరిగ్గా అప్పుడే.

కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, మాస్కుకు గాలి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఊపిరాడక పోవడం అనేది లేదు, మీకే మెలకువ వస్తుంది. ఇన్వర్టర్ మీద నడుస్తుంది. సెకండ్ హ్యాండ్ వద్దు. ఎన్ని గంటలు తిరిగిందో, లోపల ఏముందో తెలియదు, 2021లో ఒక పెద్ద కంపెనీ లోపలి ఫోమ్ పొడిగా రాలుతోందని లక్షల మిషన్లను వెనక్కి పిలిచింది, అలాంటిది మీకు అంటగట్టరని ఏముంది.

జీవితాంతమా అంటే, కారణం ఉన్నంత కాలం. మీ కారణంలో పెద్ద భాగం ఆ 98 కిలోలు. పది పన్నెండు కిలోలు దిగితే మళ్లీ పరీక్ష చేసి ఒత్తిడి తగ్గించొచ్చు, కొందరికి మిషనే అక్కర్లేకపోవచ్చు, కానీ పరీక్ష లేకుండా మీ అంతట మీరు ఆపొద్దు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ సూదిని స్థూలకాయంతో ఆప్నియా ఉన్నవాళ్లకు వాడడానికి 2024 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ మందు మన దేశంలోనూ దొరుకుతోంది, ఖరీదెక్కువ, వాంతులు, కడుపులో తిప్పడం ఉంటాయి, డాక్టరు చెప్తే తప్ప ముట్టకండి. మిషన్ అసలు పడనివాళ్లకు, జబ్బు కొద్దిగా, మధ్యరకంగా ఉన్నవాళ్లకు కింది దవడను ముందుకు జరిపి పట్టే సాధనం డెంటిస్టులు చేసి ఇస్తారు. మీ 41కి అది మొదటి మందు కాదు.

ప్రశ్న: చెప్పుకుంటే సిగ్గు. నాకు 54. నెలసరి ఆగి నాలుగేళ్లయింది, అప్పటి నుంచి గురక మొదలైంది. బిడ్డ ఇంటికి పోతే అల్లుడు వింటాడని రాత్రంతా కూర్చునే ఉంటాను. ఆడవాళ్లకు కూడా ఇట్ల ఉంటదా? — జనగామ

జవాబు: ఉంటదక్కా, నిక్షేపంగా ఉంటది. గొంతు కండ బిగువుగా ఉండడానికి ఆడవాళ్ల హార్మోన్లు కొంత తోడ్పడతాయి, నెలసరి ఆగాక ఆ కాపలా పోతుంది, ఒళ్లు కూడా కాస్త వస్తుంది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఉన్న తేడా ఆ వయసులో చాలా తగ్గిపోతుంది. చెడ్డ సంగతేమిటంటే ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి వచ్చి గురక అని చెప్పరు, 'నీరసం, నిద్ర పట్టట్లేదు, తల బరువు, ఏదో దిగులు' అని చెప్తారు, డాక్టరు విటమిన్ గోలీలో, నిద్ర గోలీలో రాసి పంపిస్తాడు. నిద్ర గోలీతో ఆప్నియా ఇంకా ముదరొచ్చు. మీరు మాత్రం గురక అనే మాటే మొదట చెప్పండి. థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించండి, అది తక్కువగా ఉన్నా గురక వస్తుంది, ఒక్క చిన్న గోలీతో బాగుపడే కారణాన్ని వదిలేయకూడదు కదా.

బిడ్డ ఇంట్లో కూర్చుని జాగారం చేయొద్దు. అల్లుడు ఏమనుకుంటాడో గానీ, బిడ్డకు చెప్తే తనే మిమ్మల్ని దవాఖానకు తీసుకుపోతుంది.

ప్రశ్న: గురకకు ముక్కులో నెయ్యి చుక్కలు వేయమని, రోజూ శంఖం ఊదమని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా? — కాజీపేట

జవాబు: నెయ్యి, నూనె వద్దు. పడుకునే ముందు వేసిన నూనె చుక్క నిద్రలో మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారితే రోజులు గడిచేకొద్దీ ఒక రకం న్యుమోనియా వస్తుంది, ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు మరీ ప్రమాదం.

శంఖం విషయంలో మాత్రం నేనే ఆశ్చర్యపోయాను. జైపూర్ డాక్టర్లు మధ్యరకం ఆప్నియా ఉన్న 30 మందిని తీసుకుని, కొందరితో రోజుకు పావుగంట, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు శంఖం ఊదించారు, మిగిలినవాళ్లతో దీర్ఘశ్వాస తీయించారు. శంఖం ఊదినవాళ్లకు పగటి నిద్రమత్తు మూడో వంతు తగ్గింది, గంటకు ఊపిరి ఆగే లెక్క నాలుగైదు తగ్గింది. 2025లో వచ్చిన ఫలితం ఇది. చాలా చిన్న పరీక్ష, భూపాలపల్లి అన్నలాంటి 41కి ఇది మిషన్‌కు బదులు కాదు. కానీ గొంతు కండకు వ్యాయామం పని చేస్తుందన్నది కొత్త మాట కాదు, 2009లో బ్రెజిల్‌లో నాలుక, అంగిలి వ్యాయామాలు మూడు నెలలు చేయించి కూడా ఇలాంటి లాభమే చూశారు. గుళ్లో శంఖం ఊదే అలవాటు ఉంటే మానకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పక్కింటివాళ్లను ఒకసారి అడిగి మొదలుపెట్టండి, గురకే నయం అనగలరు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, 68 ఏళ్లు, పరకాలలో ఒంటరిగా ఉంటాను. పిల్లలు అమెరికాలో. బీపీకి మూడు రకాల గోలీలు వేసుకుంటున్నా 160 దిగట్లేదు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తాను, ప్రోస్టేట్ అని మందు ఇచ్చారు, తగ్గలేదు. పొద్దున నోరు ఎండిపోయి ఉంటుంది. మీ బీపీ వ్యాసం చదివాను. నేను గురక పెడతానో లేదో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు, ఎలా తెలుస్తుంది?

జవాబు: సారూ, మూడు గోలీలకు కూడా దిగని బీపీ ఉంటే గురక గురించి అడగడం మాకు ఇప్పుడు నియమం లాంటిది. మూత్రం సంగతి కూడా కలిసి వస్తోంది. గొంతు మూసుకున్నప్పుడు ఛాతీ బలంగా గుంజుతుంది, ఆ గుంజుడుకు గుండె పై గది సాగుతుంది, ఒంట్లో నీరెక్కువైందేమో అనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, దాంతో కిడ్నీలు మూత్రం తయారుచేస్తాయి. ప్రోస్టేట్ మందు వేసినా లేవాల్సి రావడానికి ఇది కారణం కావచ్చు. ప్రోస్టేట్ కూడా ఉండొచ్చు, దాని మందు ఆపకండి.

టేపు తీసుకుని మెడ కొలవండి, కంఠం దగ్గర. ఎనిమిది ప్రశ్నల చిట్టీ ఒకటి ఉంది మా దగ్గర: గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడడం, బీపీ, బాగా లావు, వయసు 50 దాటడం, మెడ 40 సెంటీమీటర్లు దాటడం, మగవాడు కావడం. మూడు 'అవును'లు వస్తే అనుమానం, ఐదు, ఆ పైన వస్తే గట్టి అనుమానం. మీకు బీపీ, వయసు, మగవారు, మూడు ఇప్పటికే వచ్చేశాయి, టేపు ఇంకా తీయకముందే.

ఈ రాత్రి ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి, తలగడకు మూరెడు దూరంలో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పడుకోండి. గురక రికార్డు చేసే ఆప్‌లు కూడా ఉన్నాయి, ఎక్కడ చప్పుడు ఎక్కువైందో గీతల్లో చూపిస్తాయి, వెతుక్కోవడం సులువు. రాత్రంతటిదీ వినక్కర్లేదు, తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్యది వినండి. గురక, తర్వాత చప్పుడు లేకపోవడం, తర్వాత గుర్రుమని ఊపిరి, ఈ వరస వినిపిస్తే ఆ ముక్క పిల్లలకు వాట్సాప్ చేయండి, వాళ్లకు అప్పుడింకా సాయంత్రమే కాబట్టి వెంటనే ఫోన్ వస్తుంది. వాళ్లు ఊరికే కంగారుపడతారని దాచకండి. హనుమకొండలో డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆ రికార్డుతో పాటు మూడు గోలీల చీటీ, ప్రోస్టేట్ చీటీ, పాత ఈసీజీ కూడా సంచిలో వేసుకుని రండి.